విజయవాడ భవనంలో సెంట్రల్ ఏసీ కరెంటు ఖర్చు: కొత్త చిల్లర్ కొనడమే మార్గమా?

ప్రశ్న – బందరుకాలువ

అందరికీ నమస్కారం. విజయవాడలోని ఒక ఆరు అంతస్తుల వాణిజ్య భవనానికి నేను నిర్వహణ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కింది రెండు అంతస్తుల్లో వస్త్ర దుకాణం, పై నాలుగింటిలో కార్యాలయాలు ఉన్నాయి. ఏసీ ఉన్న విస్తీర్ణం మొత్తం దాదాపు 60,000 చదరపు అడుగులు. 2011లో భవనం కట్టినప్పుడే 150 టన్నుల స్క్రూ చిల్లర్లు (మరల్లాంటి కంప్రెసర్‌తో నీటిని చల్లబరిచే యంత్రాలు; టన్ను అంటే ఇక్కడ చల్లబరిచే సామర్థ్యానికి కొలమానం) రెండు, వాటికి తగిన పంపులు, చిల్లర్ల వేడిని బయటి గాలిలోకి వదిలే కూలింగ్ టవర్లు మేడ మీద రెండు, ఆ చల్లటి నీటితో గాలిని చల్లబరిచి గదుల్లోకి పంపే ఏహెచ్‌యూలు అంతస్తుకు రెండు చొప్పున పన్నెండు బిగించారు. ఒక చిల్లర్ నడుస్తుంటే రెండోది అవసరానికి సిద్ధంగా ఉండాలన్నది అప్పటి ఉద్దేశమని పాత కాగితాల్లో రాసి ఉంది. ఇప్పుడు మాత్రం ఫిబ్రవరి చివరి నుంచి దసరా దాకా రెండూ ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది వరకు ఆగకుండా నడుస్తున్నాయి.

రోహిణి కార్తెలో వచ్చిన బిల్లు చూసి మా యజమాని గారు ఇద్దరు సరఫరాదారులను పిలిపించారు. పాత చిల్లర్లు తీసేసి అంతే సామర్థ్యం గల కొత్త మాగ్నెటిక్ బేరింగ్ చిల్లర్లు (లోపలి ఇరుసు అయస్కాంత బలంతో తేలుతూ తిరిగేవి) పెట్టుకుంటే 40 శాతం ఆదా అవుతుందని ఇద్దరూ చెప్పారు. బ్యాంకు రుణం తీసుకుని అయినా కొందామని యజమాని గారు అంటున్నారు. పదమూడు, పద్నాలుగు ఏళ్లు నడిచిన యంత్రాలు కాబట్టి ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ అంత డబ్బు పెట్టించి, తర్వాత చెప్పినంత ఆదా రాకపోతే సమాధానం చెప్పుకోవలసింది నేనే కనుక ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాను.

మొన్న మధ్యాహ్నం మూడు గంటలకు నేను రాసుకున్న అంకెలు ఇవి. చల్లటి నీరు చిల్లర్ల నుంచి 7.5 డిగ్రీల వద్ద బయలుదేరి 10.3 డిగ్రీల వద్ద తిరిగి వస్తోంది. రెండు చిల్లర్ పంపులూ (చల్లటి నీటిని తిప్పేవి) నడుస్తున్నాయి. ఒక్కొక్క దాని పలక మీద గంటకు 82.5 ఘనపు మీటర్లు అని ఉంది. ఒక్కో చిల్లర్ ప్యానెల్ 68 కిలోవాట్లు చూపిస్తోంది. పంపులు, టవర్ ఫ్యాన్లు అన్నీ కలిపి మరో 62 కిలోవాట్లు. చిల్లర్ తన వేడిని టవర్ నీటికి వదిలే భాగమైన కండెన్సర్ నుంచి నీరు 37.5 డిగ్రీల వద్ద బయటికి వస్తుండగా లోపల గ్యాసు ద్రవంగా మారే ఉష్ణోగ్రత 43 డిగ్రీలుగా కనిపిస్తోంది. ఏహెచ్‌యూల దగ్గర మూడు దారుల వాల్వులు (అక్కర్లేని చల్లటి నీటిని పక్కదారిలో వెనక్కి పంపేవి) ఉన్నాయి. వాటిలో కొన్ని చాలా కాలం క్రితమే పాడైతే, అప్పటి మెకానిక్‌లు చేత్తో పూర్తిగా తెరిచి అలాగే వదిలేశారు. థర్మోస్టాట్లు 22 డిగ్రీల మీద ఉన్నాయి. ఇంత నడిపినా ఆరో అంతస్తు వాళ్లు చల్లగా లేదనే అంటున్నారు. నేను ముందు ఏ పని చేయించాలి?

సమాధానం – ఆడిటర్, హైదరాబాదు

మీరు అంకెలు రాసి పెట్టడం చాలా మంచి పని అయింది. మీ ప్రశ్నకు సమాధానం వాటిలోనే ఉంది. గంటకు ప్రవహించే నీటిని ఘనపు మీటర్లలో తీసుకుని, వెళ్లే నీటికీ తిరిగి వచ్చే నీటికీ మధ్య తేడాతో గుణించి, 3.024తో భాగిస్తే ఎన్ని టన్నుల చల్లదనం తయారవుతోందో తెలుస్తుంది. పలక మీది అంకెలు నిజమనుకుంటే మీ రెండు పంపులూ కలిపి 165, తేడా 2.8, అంటే వచ్చేది దాదాపు 153 టన్నులు. వేసవి మధ్యాహ్నం మూడు గంటలకు మీ భవనానికి కావలసిన చల్లదనం మొత్తం ఇంతే. దీన్ని అటూ ఇటుగా ఒక్క చిల్లరే మోయగలదు. మీరు దీనికోసం రెండింటినీ సగం బరువు (లోడు) మీద నడుపుతున్నారు. స్థిర వేగంతో తిరిగే స్క్రూ యంత్రం సగం బరువు మీద నడిచేటప్పుడు టన్నుకు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. పైగా రెండో చిల్లర్‌తో పాటు దాని రెండు పంపులు (చల్లటి నీటిది, కండెన్సర్ నీటిది), టవర్ ఫ్యాను కూడా పూర్తి శక్తితో తిరుగుతాయి. మొత్తం 198 కిలోవాట్లను 153తో భాగిస్తే టన్నుకు 1.29 కిలోవాట్లు అవుతోంది. నీటితో చల్లబడే ప్లాంటు చక్కగా నడిస్తే పంపులు, ఫ్యాన్లు కలుపుకుని కూడా ఈ అంకె 0.8 ప్రాంతంలో ఉండగలదు.

మరి రెండో చిల్లర్ ఎందుకు అవసరమవుతోంది? మీకు తక్కువైంది చిల్లర్ల సామర్థ్యం కాదు, పై అంతస్తులకు చేరే నీరు. చల్లటి నీరు ఏహెచ్‌యూలోని పైపుల చుట్ట, అంటే కాయిల్‌లో వేడిని తీసుకుని 5.5 డిగ్రీలు వేడెక్కి తిరిగి రావాలని ఇలాంటి ప్లాంట్లను రూపొందిస్తారు. చేత్తో తెరిచి వదిలేసిన వాల్వుల్లోంచి, మూడు దారుల వాల్వుల పక్కదారిలోంచి నీరు వేడిని సరిగా అందుకోకుండానే వెనక్కి పోతోంది. కింది అంతస్తులు కావలసిన దానికన్నా ఎక్కువ నీరు తీసేసుకుంటే ఆరో అంతస్తుకు ఒత్తిడి చాలదు. అక్కడి నుంచి ఫిర్యాదు వస్తే ఆపరేటరు రెండో పంపు వేస్తాడు, పంపుతో పాటు చిల్లర్ కూడా వేయక తప్పదు. ఆపరేటరును తప్పుపట్టడానికి లేదు. ఎవరైనా అదే చేస్తారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. పలక మీది ప్రవాహం నిజమైన ప్రవాహం కాదు. పైపుకు బయటి నుంచి బిగించే అల్ట్రాసోనిక్ ప్రవాహ మీటరును రెండు రోజులకు అద్దెకు తెచ్చి కొలవండి. ఉష్ణోగ్రతలు కూడా ప్యానెల్‌ను నమ్మి తీసుకోకండి. 2.8 డిగ్రీల తేడాలో అర డిగ్రీ తప్పు ఉంటే మీ లెక్క దాదాపు 18 శాతం మారిపోతుంది.

కొలతలు నిజమని తేలితే మూడు దారుల వాల్వులు తీసి రెండు దారులవి, వీలైతే ఒత్తిడి మారినా ప్రవాహం మారనివి పెట్టించి, పంపులకు వీఎఫ్‌డీలు (అవసరాన్ని బట్టి మోటారు వేగాన్ని మార్చే పరికరాలు) బిగించండి. పంపు వాడే శక్తి దాని వేగపు ఘనంతో పాటు మారుతుంది. 80 శాతం వేగానికి తగ్గిస్తే సూత్రం ప్రకారం 51 శాతం శక్తి చాలు. పైపు చివర కొంత ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచాలి కాబట్టి ఆచరణలో అంత తగ్గకపోయినా, గణనీయంగానే తగ్గుతుంది. చిల్లర్‌కు కనీస ప్రవాహం తగ్గకుండా ఒక బైపాస్ తప్పనిసరి. లేకపోతే నీరు గడ్డకట్టి ట్యూబులు పగిలే ప్రమాదం ఉంది.

సరఫరాదారులు చెప్పిన 40 శాతం దేనిలో 40 శాతమో అడిగారా? చిల్లర్ వాడకంలోనా, ప్లాంటు మొత్తంలోనా, భవనం బిల్లులోనా? ఈ మూడూ వేర్వేరు. మాగ్నెటిక్ బేరింగ్ యంత్రాలు తక్కువ బరువు మీద బాగా నడుస్తాయన్నది వాస్తవమే, నేను వాటికి వ్యతిరేకిని కాను. కానీ 2.8 డిగ్రీల తేడా అలాగే ఉండగా అవే 300 టన్నులు మళ్లీ కొంటే, ఉన్న లోపానికి కొత్త యంత్రం బిగించినట్టే అవుతుంది. ఈ పనులన్నీ అయ్యాక ఏడాది లెక్కలు చూసి, ఎంత సామర్థ్యం కావాలో అప్పుడు తేల్చుకోవచ్చు.

థర్మోస్టాట్ల గురించి ఒక మాట. డిగ్రీ పెంచితే 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018 నుంచి ప్రచారం చేస్తోంది. స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 2020 జనవరి 1 నుంచి మొదట 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యే అమరికతో వస్తున్నాయి, తర్వాత మనం మార్చుకోవచ్చు. ఆ 6 శాతం గది ఏసీల విషయంలో చెప్పిన మాట. మీ దగ్గర పంపులు, ఏహెచ్‌యూ ఫ్యాన్లు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతున్నాయి, వాల్వులు మూసుకోవడం లేదు. ఈ స్థితిలో 22ను 24 చేసినా ఆ ఆదాలో కొంత భాగమే చేతికి వస్తుంది. వాల్వులు బాగయ్యాక చేయండి, ఫలితం మీకే కనిపిస్తుంది. ఆరో అంతస్తు కప్పు మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత వేయించడం ఈలోగా చేయదగిన పని. తెలంగాణలో 2023లో వచ్చిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. మీది ఆంధ్రప్రదేశ్ అయినా ఎండ ఒకటే కదా.

సమాధానం – దుబాయ్‌లో చిల్లర్ ఆపరేటర్

నాది కోనసీమ. పదకొండేళ్లుగా ఇక్కడ వాణిజ్య భవనాల ఏసీ ప్లాంట్లలో పనిచేస్తున్నాను. ఆడిటర్ గారు చెప్పిన నీటి తేడా విషయం ఇక్కడ డబ్బుతో ముడిపడిన విషయం. ఒక పెద్ద ప్లాంటులో చల్లబరిచిన నీటిని భూగర్భ పైపుల ద్వారా అనేక భవనాలకు అమ్మే పద్ధతి ఇక్కడ విస్తృతంగా ఉంది. ఆ ఒప్పందాల్లో చాలావాటి ప్రకారం భవనం నీటిని తగినంత వేడెక్కించకుండా వెనక్కి పంపితే అదనపు రుసుము వేస్తారు. అందువల్ల ప్రతి భవనంలోనూ తిరిగి వచ్చే నీటి ఉష్ణోగ్రత మీద కన్ను ఉంటుంది. సొంత చిల్లర్లు ఉన్న భవనాల్లో ఆ రుసుమును ఎవరూ బిల్లుగా పంపరు కానీ, కరెంటు రూపంలో కడుతూనే ఉంటారు.

వాల్వులు మార్చే ముందు ఒక పని చేయండి. పన్నెండు ఏహెచ్‌యూల దగ్గరికీ వెళ్లి, ప్రతి కాయిల్‌కు వచ్చే నీరు, పోయే నీరు, లోపలికి వెళ్లే గాలి, బయటికి వచ్చే గాలి, ఈ నాలుగు ఉష్ణోగ్రతలూ ఒకే మధ్యాహ్నం రాసుకోండి. నీటి తేడా తక్కువగా ఉండి గాలి బాగా చల్లబడుతుంటే అక్కడ నీరు ఎక్కువ పోతోందని అర్థం. నీటి తేడా తక్కువగా ఉండి గాలి కూడా చల్లబడకపోతే కాయిల్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుందని, లేదా ఫ్యాను బెల్టు జారుతోందని అర్థం. వస్త్ర దుకాణం ఉందన్నారు కనుక నూలు పీచు కాయిల్‌ను దుప్పటిలా కప్పేసి ఉండే అవకాశం ఎక్కువ. ఫిల్టరు పెట్టే చట్రానికీ గోడకూ మధ్య సందు ఉంటే ఫిల్టరు ఎంత శుభ్రంగా ఉన్నా ఆ పీచు పక్కనుంచి లోపలికి పోతుంది. ఆరో అంతస్తులో నీటి పైపుకు ఉండే జల్లెడ కూడా విప్పి చూడండి. ఒక భవనంలో మేము పంపు మార్చాలని నిర్ణయించుకున్న తర్వాత జల్లెడ విప్పితే వెల్డింగ్ ముక్కలు, తుప్పు పొలుసులు పిడికెడు వచ్చాయి. పంపు మార్చవలసిన అవసరమే లేకపోయింది.

సమాధానం – టవర్ నీళ్లు, గుంటూరు

నీటి శుద్ధి పనిలో ఉన్నవాడిని కనుక నా దృష్టి మీ కండెన్సర్ అంకెల మీద పడింది. బయటికి వచ్చే నీరు 37.5, గ్యాసు ద్రవమయ్యే ఉష్ణోగ్రత 43. తేడా 5.5 డిగ్రీలు. ట్యూబులు శుభ్రంగా ఉంటే, అందునా సగం బరువు మీద, ఆ తేడా రెండు డిగ్రీలు దాటకూడదు. మీ ట్యూబుల లోపల గట్టిగా సున్నం పట్టి ఉంది. మన వైపు బోరు నీళ్లలో కఠినత్వం ఎక్కువ. టవర్‌లో నీరు ఆవిరైపోతుంటే మిగిలిన నీటిలో లవణాలు చిక్కబడతాయి. కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదిలి కొత్త నీరు కలపకపోతే, చిల్లర్‌లో అత్యంత వేడిగా ఉండే ట్యూబుల గోడల మీదనే అవి పేరుకుంటాయి.

గ్యాసు ద్రవమయ్యే ఈ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కంప్రెసర్ 2 నుంచి 3 శాతం ఎక్కువ కరెంటు లాగుతుంది. మీకు అనవసరంగా ఉన్న మూడున్నర డిగ్రీలు తీసేయగలిగితే చిల్లర్ వాడకంలో 7 నుంచి 10 శాతం మిగులుతుంది. ట్యూబులు బ్రష్షుతో తోమించి, మొండి పొర ఉంటే రసాయనంతో కడిగించండి. ఆమ్లం వాడేటప్పుడు ఎంతసేపు, ఏ గాఢతలో అన్నది తెలిసినవారి చేతనే చేయించాలి. తొందరపడి గాఢత పెంచి రాగి ట్యూబులనే తినేయించుకున్న సందర్భం నేను చూశాను. తర్వాత నీటి వాహకతను (లవణాలు ఎంత చిక్కబడ్డాయో చెప్పే కొలత) కొలిచి దానంతటదే నీరు వదిలే వాల్వు పెట్టించండి. పరిమితి ఎంతన్నది మీ బోరు నీటి పరీక్ష చూసి నిర్ణయించాలి. పక్క భవనం వాళ్లది చూసి పెట్టవద్దు.

కూలింగ్ టవర్ విషయంలో మీ ఊరి వాతావరణం ఒక గీత గీసి పెట్టింది. నీటిని తడి బల్బు ఉష్ణోగ్రతకు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు గాలిలో చూపించేది; తేమ పెరిగే కొద్దీ ఇదీ పెరుగుతుంది) దిగువకు ఏ టవరూ చల్లార్చలేదు. హైదరాబాదులో ఏప్రిల్ ఎండకు 40 దాటినా గాలి పొడిగా ఉంటుంది కనుక టవర్ హాయిగా పనిచేస్తుంది. కృష్ణా తీరంలో 36 డిగ్రీలున్న రోజు కూడా తేమ వల్ల ఉక్కపోతగా ఉండి టవర్‌కు కష్టమవుతుంది. అందుకే మీ టవర్‌లో నీరు చిమ్మే నాజిళ్లు మూసుకుపోవడం, నీటిని పలచగా పరిచే లోపలి ఫిల్లు కూలిపోవడం వంటి చిన్న లోపాన్ని కూడా ఉపేక్షించకూడదు.

సమాధానం – ఆడిటర్, హైదరాబాదు

గుంటూరు మిత్రులు చెప్పింది సరైనదే. కండెన్సర్ సంగతి నేను దాటేశాను, అది ముందు చేయవలసిన పని. మరొకటి కలుపుతాను. చల్లటి నీటిని 7.5 కాకుండా 9 లేదా 10 డిగ్రీల వద్ద పంపితే కూడా డిగ్రీకి 2, 3 శాతం ఆదా అవుతుంది. మేము హైదరాబాదు భవనాల్లో దీన్ని మామూలుగానే చేస్తుంటాం. ఇక నీటితోనే చల్లబరిచే ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లిన ఉదాహరణ మా పక్కనే ఉంది. పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో ఒకే భవనాన్ని రెండు సగాలుగా చేసి, ఒక సగంలో మామూలు గాలి పద్ధతి, మరో సగంలో కప్పు శ్లాబులో పైపులు వేసి చల్లటి నీరు తిప్పే రేడియంట్ పద్ధతి పెట్టి పక్కపక్కనే కొలిచారు. రేడియంట్ సగం ఏసీకి 34 శాతం తక్కువ విద్యుత్తు వాడింది. శ్లాబు నీరు 7 డిగ్రీలు ఉండనవసరం లేదు, దానికన్నా చాలా వెచ్చగా ఉన్నా సరిపోతుంది.

సమాధానం – ఉక్కపోత, విశాఖపట్నం

ఆడిటర్ గారి మొదటి సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ నీటిని 10 డిగ్రీలకు పెంచమన్న సలహా కోస్తాలో యథాతథంగా పాటిస్తే చిక్కు వస్తుంది. మన ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరచడం ఒకటి, గాలిలో ఉన్న తేమను కాయిల్ మీద నీటి చుక్కలుగా మార్చి బయటికి పంపడం రెండోది. గది 24 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 55 శాతం ఉండాలంటే ఆ గాలి తుషార బిందువు, అంటే తేమ నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాదాపు 14.4 డిగ్రీలు. కాయిల్ నుంచి వచ్చే గాలి అంతకన్నా స్పష్టంగా చల్లగా ఉంటేనే తేమ దిగుతుంది. నీటిని 10 డిగ్రీలకు పెంచితే గాలి 15 దగ్గర ఆగిపోవచ్చు. గదిలో ఉష్ణోగ్రత 24 చూపిస్తూనే ఒళ్లంతా జిగటగా ఉంటుంది, జనం థర్మోస్టాట్‌ను 20కి తిప్పేస్తారు, ఆదా చేయబోయినది అక్కడ పోతుంది. వస్త్ర దుకాణంలో అయితే పట్టుచీరలకు బూజు పట్టే ప్రమాదం కూడా ఉంది. విజయవాడలో ఈ పని డిసెంబరు, జనవరి నెలల్లో చేయవచ్చు. ఆషాఢ, శ్రావణ మాసాల్లో వద్దు. కప్పు శ్లాబును చల్లబరిచే పద్ధతి కూడా ఇక్కడ తలుపులు తెరిచి ఉండే దుకాణానికి సరిపడదు. కప్పు నుంచి చుక్కలు రాలుతాయి.

మన దగ్గర అసలు బరువు బయటి గాలి. వర్షాకాలంలో తడి బల్బు 28 దగ్గర ఉన్న రోజు, నిమిషానికి 1,000 ఘనపు అడుగుల బయటి గాలిని లోపలి స్థితికి తేవడానికి దాదాపు 6 టన్నుల చల్లదనం ఖర్చవుతుంది. ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎండ 40 ఉన్నా గాలి పొడిగా ఉంటే ఇందులో సగం కూడా అవసరం పడదు. కాబట్టి మీరు ఎంత బయటి గాలి తీసుకుంటున్నారో తెలుసుకోండి. ఊపిరికి కావలసిన గాలిని తగ్గించమని నేను చెప్పడం లేదు, అది తప్పు. కార్యాలయాల్లో సగం మంది లేని రోజు కూడా బయటి గాలిని లోపలికి వదిలే రెక్క, అంటే డాంపరు పూర్తిగా తెరిచి ఉంచనవసరం లేదంటున్నాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే సెన్సారు ఆధారంగా డాంపరు కదిలేలా చేయవచ్చు. మరుగుదొడ్ల ఎగ్జాస్టు ఫ్యాన్లు రాత్రంతా తిరుగుతున్నాయేమో కూడా చూడండి. అవి బయటికి తోసే ప్రతి ఘనపు అడుగుకు బదులు అంతే తడిగాలి ఏదో ఒక సందులోంచి లోపలికి వస్తుంది. తెల్లవారేసరికి తివాచీలు, గోడలు, బట్టల మూటలు ఆ తేమనంతా పీల్చి ఉంచుతాయి. ఉదయం చిల్లర్ వేసిన మొదటి రెండు గంటలు ఆ తేమను పిండడానికే సరిపోతుంది.

బందరుకాలువ – సెప్టెంబరులో

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు నెలలకు ఫలితం చెబుతున్నాను. అల్ట్రాసోనిక్ మీటరుతో కొలిస్తే రెండు పంపుల ప్రవాహం 165 కాదు, 148. అంటే అప్పటి బరువు 137 టన్నులే. ప్లాంటు టన్నుకు 1.45 కిలోవాట్లు తీసుకుంటోందన్నమాట, ఆడిటర్ గారు ఊహించిన దానికన్నా అధ్వానం. ఈ ఒక్క అంకె చూపించగానే యజమాని గారు రుణం ఆలోచన ఈ ఏడాదికి వాయిదా వేశారు.

పన్నెండు వాల్వుల్లో ఎనిమిది కదలడం లేదు. అన్నింటినీ మార్పించి, చిల్లర్ పంపులకు వీఎఫ్‌డీలు పెట్టించాం. దుబాయ్ మిత్రులు చెప్పినట్టే దుకాణం అంతస్తుల్లోని కాయిల్స్ మీద నూలు పీచు అంగుళం మందాన ఉంది. ఆరో అంతస్తు జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉంది. కండెన్సర్ ట్యూబులు కడిగించాక తేడా 5.5 నుంచి 2.1కి వచ్చింది. ఇప్పుడు నీటి తేడా 4.7 డిగ్రీలు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఒక్క చిల్లరే చాలుతోంది. ఎండ గట్టిగా ఉన్న రోజు మాత్రం ఆ తర్వాత రెండో దాన్ని రెండు, మూడు గంటలు వేస్తున్నాం. ఒక్క చిల్లర్ నడిచే వేళ టన్నుకు 1.05 కిలోవాట్లు వస్తోంది. ఇంకా తగ్గాలని నాకు తెలుసు, టవర్ ఫిల్లు మార్చవలసి ఉంది. ఆరో అంతస్తు నుంచి ఆగస్టులో ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

మిగిలిన సమస్య దుకాణం తలుపులు. మూసి ఉంటే గిరాకీ రాదని నడిపేవారు వాటిని పండగ రోజుల్లో బార్లా తెరిచి ఉంచుతున్నారు. గుమ్మం పైనుంచి గాలిని తెరలా కొట్టే గాలి తెర యంత్రం పెట్టినా లోపలికి తడిగాలి కొడుతూనే ఉంది.

సమాధానం – ఉక్కపోత, విశాఖపట్నం

గాలి తెర పనిచేయాలంటే భవనం లోపలి ఒత్తిడి బయటి కన్నా కొంచెం ఎక్కువగా ఉండాలి. మీ దగ్గర తీసుకునే గాలి కన్నా ఎగ్జాస్టు ఎక్కువై ఉంటుంది, అందుకే తలుపు నుంచి లోపలికి లాగుతోంది. తలుపు కొంచెం తెరిచి గుమ్మం దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ ఎటు పోతుందో చూడండి. లోపలికి వస్తుంటే ముందు కింది రెండు అంతస్తుల ఎగ్జాస్టు, బయటి గాలి రెండింటినీ కొలిపించండి. దానితో పాటు, గుమ్మానికి ఆరేడు అడుగుల లోపల రెండో గాజు తలుపు వరుస పెట్టేందుకు స్థలం ఉందేమో దుకాణం వారిని అడగండి. బయటి తలుపు తెరిచి ఉన్నా గిరాకీకి అడ్డు కాకుండా, తడిగాలి ఆ మధ్య స్థలంలోనే చాలావరకు ఆగుతుంది.